చిన్న వాగుల్లో ట్రౌట్‌కి ఏ రాడ్ కొనాలి? షెనండోవా అనుభవంతో నా జవాబు

మీరు ఉత్తర వర్జీనియాలో ఉంటున్నారు. షెనండోవా నేషనల్ పార్కు వాగుల్లో ట్రౌట్ చేపలు పట్టాలని ఉంది. షాపులో తొమ్మిది అడుగుల 5 వెయిట్ (ఈ అంకె సంగతి కింద చెప్తాను) ఫ్లై ఫిషింగ్ రాడ్ సెట్ చూపించి "అన్నిటికీ ఇదే పనికొస్తుంది" అన్నారు, కొనొచ్చా అని అడిగారు. పెద్ద నదులకైతే కొనండి. ఆ వాగులకైతే వద్దండీ. నేను మొదట కొన్నది సరిగ్గా అదే, నాకూ అదే మాట చెప్పి అమ్మారు.

మాది కోనసీమ. చిన్నప్పుడు పంటకాలువ గట్టు మీద కూర్చుని, వెదురుకర్రకి గాలం కట్టి, వానపాము గుచ్చి, బెండు ఎప్పుడు మునుగుతుందా అని కళ్ళార్పకుండా చూసేవాళ్ళం. అక్కడ గాలాన్ని నీళ్ళలోకి తీసుకెళ్ళేది సీసపు గుండు బరువు. ఫ్లై ఫిషింగ్‌లో గుండు లేదు. కొక్కేనికి ఈకలూ దారమూ చుట్టి పురుగులా చేసిన ఫ్లై, ఊదితే ఎగిరిపోయేంత తేలిక. దాన్ని మోసుకెళ్ళేది లైనే. అందుకే లైన్ లావుగా, బరువుగా ఉంటుంది. రాడ్ మీద ఉండే 3, 4, 5 అంకెలు ఆ రాడ్‌కి ఎంత బరువు లైన్ వాడాలో చెప్పేవి. లైన్ మొదటి 30 అడుగులు తూస్తే 3 వెయిట్ 100 గ్రెయిన్లు, అంటే దాదాపు ఆరున్నర గ్రాములు. 5 వెయిట్ 140 గ్రెయిన్లు, తొమ్మిది గ్రాములు.

గమనించండి, ఆ బరువు 30 అడుగుల లైన్‌ది. ఈ వాగుల్లో మీకూ చేపకీ మధ్య 15, 20 అడుగులు ఉంటే ఎక్కువ. అందులో రాడ్ పొడవు, లైన్ చివర కట్టే సన్నటి లీడర్ పొడవు తీసేస్తే బయటికొచ్చే లైన్ ఐదారు అడుగులే. ఆ కాస్త బరువుకి గట్టి 5 వెయిట్ రాడ్ వంగనే వంగదు. రాడ్ వంగకపోతే లైన్‌కి ఊపు రాదు, ఫ్లై మీ కాళ్ళ దగ్గరే కుప్పగా పడుతుంది. మనం ఇంకా గట్టిగా విసురుతాం, అది వెనకాల చెట్టుకి తగులుకుంటుంది. రోజ్ రివర్ దగ్గర నా మొదటి రోజంతా ఇలాగే గడిచింది. ఒడ్డున మౌంటెన్ లారెల్ పొదలు, పైన చెట్ల కొమ్మలు గొడుగులా కమ్ముకుని ఉంటాయి. నాలుగోసారి కొమ్మకి తగులుకున్నప్పుడు విసుగొచ్చి రాడ్‌తోనే లాగాను. కొస పుటుక్కుమని విరిగింది. చేపని చూడకుండానే ఇంటికొచ్చాను. కొమ్మకి తగులుకుంటే రాడ్‌ని కిందికి దించి, లైన్‌ని చేత్తో పట్టుకుని తిన్నగా లాగాలని ఆ తర్వాతే తెలిసింది.

కాబట్టి రాడ్ ఏడు నుంచి ఏడున్నర అడుగులు, 3 వెయిట్. స్పీడు తక్కువగా, మెత్తగా వంగేది. షాపులో "ఫాస్ట్ యాక్షన్" అని గొప్పగా చెప్తారు, అది దూరం విసరడానికి. మీకు కావాల్సింది స్లో లేదా మీడియం. నేనిప్పుడు వాడేది ఫైబర్‌గ్లాస్ రాడ్. గ్రాఫైట్ కన్నా కాస్త బరువు, కానీ ఆ కాస్త లైన్‌కే మొదలంటా వంగుతుంది, జానెడు చేప పడినా చేతికి తెలుస్తుంది. రాడ్ ఒక్కటే కొనగలను, చేపల్ని తెచ్చి వదిలే పెద్ద వాగులకి కూడా వెళ్తాను అంటే మాత్రం ఏడున్నర అడుగుల 4 వెయిట్ తీసుకోండి. అంతకన్నా పొడవు వద్దు. పొడుగు రాడ్ అయితే లైన్‌ని నీళ్ళకి తగలకుండా పైకి పట్టుకోవచ్చు, అది నిజమైన లాభమే. కానీ కొమ్మల కింద ఆ లాభం అక్కరకు రాదు. జపాన్ పద్ధతి టెన్కారా రాడ్ కూడా ఇందుకే ఇక్కడ కుదరదు. రీల్ ఉండదు, కొసకే తాడు కడతారు, మన వెదురుకర్రలాగే ఉంటుందని నాకు భలే ఇష్టం. కానీ అవి ఎక్కువగా పదకొండు, పన్నెండు అడుగులుంటాయి. తెరిపిగా ఉన్న చోటే హాయి.

రీల్ మీద డబ్బు పోయకండి. ఎనిమిది అంగుళాల చేప రీల్ నుంచి లైన్ లాక్కుపోదు, మనం చేత్తోనే లాగేస్తాం. ఇక్కడ రీల్ అంటే లైన్ చుట్టుకునే కండె, అంతే. మిగిలిన డబ్బు లైన్ మీద పెట్టండి. డబుల్ టేపర్ ఫ్లోటింగ్ లైన్ అడగండి, అంటే రెండు కొసలూ సన్నబడుతూ నీళ్ళ మీద తేలేది. రెండు కొసలూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఒక కొస అరిగాక తిప్పి చుట్టుకోవచ్చు. 3 వెయిట్ రాడ్ మీద 4 వెయిట్ లైన్ వేసేవాళ్ళూ ఉన్నారు. దగ్గర్లో విసిరేటప్పుడు ఆ అదనపు బరువు సాయపడుతుంది, నేనూ అదే చేస్తాను.

లీడర్ ఏడున్నర అడుగులది, చివర 5ఎక్స్. ఈ ఎక్స్ లెక్క మొదట్లో తికమక పెడుతుంది. పదకొండులోంచి ఆ అంకె తీసేస్తే వచ్చేది అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం. 5ఎక్స్ అంటే ఆరు, 4ఎక్స్ అంటే ఏడు. అంకె పెరిగితే దారం సన్నబడుతుందన్నమాట. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపండి, పొడిగా లాగితే దారం వేడెక్కి బలం పోతుంది.

ఫ్లైల విషయంలో టెన్షన్ పడకండి. ఈ వాగుల్లో పోషకాలు తక్కువ, చేపలకి ఎప్పుడూ ఆకలే. పైనుంచి కొట్టుకొచ్చిన పురుగు కనిపిస్తే ఎంచుకుంటూ కూర్చోవు. 14, 16 సైజుల్లో పారాషూట్ ఆడమ్స్ నాలుగు, ఎల్క్ హెయిర్ కాడిస్ నాలుగు, ఎండాకాలానికి నల్ల చీమ ఫ్లై రెండు. వీటితోపాటు మిస్టర్ రాపిడాన్. వర్జీనియాలోని ఎడిన్‌బర్గ్ ఊళ్ళో ఫ్లై షాపు పెట్టిన హ్యారీ మర్రే ఈ ప్రాంతం వాగుల కోసమే తయారుచేసిన ఫ్లై ఇది. పసుపు రంగు రెక్క ఉంటుంది కాబట్టి నీడలో నురగ మధ్య కూడా మన కంటికి ఆనుతుంది. చేపకన్నా ముందు మనకి కనపడాలి కదా. డబ్బా నిండా కొనాల్సిన పనిలేదు.

బూట్ల మీద మాత్రం పొదుపు చేయకండి. రాళ్ళు పాచితో సబ్బు రాసినట్టుంటాయి. మే నుంచి సెప్టెంబరు దాకా వేడర్లు (ఒంటికి నీళ్ళు తగలకుండా వేసుకునే పొడుగు ప్యాంట్లు) కూడా అక్కర్లేదు, త్వరగా ఆరే ప్యాంటూ, మంచి పట్టున్న వేడింగ్ బూట్లూ చాలు. రబ్బరు అడుగున్నవే కొనండి. పక్కనే ఉన్న మేరీల్యాండ్‌లో ఫెల్ట్ (ఒత్తుగా అదిమిన ఉన్నిలాంటి గుడ్డ) అడుగు బూట్లని 2011 నుంచి నిషేధించారు, వాటిలో నాచు ఇరుక్కుని ఒక వాగు నుంచి ఇంకో వాగుకి పాకుతుందని. నీటి మెరుపు తగ్గించే పోలరైజ్డ్ కళ్ళద్దాలు కూడా తప్పకుండా ఉండాలి.

వీలైతే మొదటిసారి పార్కులోని రాపిడాన్ నదికి వెళ్ళండి. పార్కు మధ్యగా పోయే స్కైలైన్ డ్రైవ్ రోడ్డు మీద మిలాం గ్యాప్ దగ్గర కారు ఆపి రెండు మైళ్ళు దిగితే రాపిడాన్ క్యాంపు వస్తుంది. హెర్బర్ట్ హూవర్ అమెరికా అధ్యక్షుడిగా ఎన్నికయ్యాక వాషింగ్టన్‌కి వంద మైళ్ళలోపు, 2,500 అడుగుల ఎత్తున, ట్రౌట్ ఉన్న వాగు పక్కన చోటు వెతికించి కట్టించుకున్న విడిది అది. మిల్ ప్రాంగ్, లారెల్ ప్రాంగ్ అనే రెండు వాగులు అక్కడే కలిసి రాపిడాన్ అవుతాయి. నా మొదటి బ్రూక్ ట్రౌట్ ఆ కిందనే పడింది. బండ వెనక స్నానాల గదంత మడుగు. విసరడానికి చోటు లేదు. ఫ్లైని కొక్కెం వంపు దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని, రాడ్‌ని విల్లులా వంచి వదిలాను. నురగ పక్కన పడి ఒక్క క్షణం తేలిందో లేదో, అడుగునుంచి ఒక నీడ లేచింది. చెయ్యి తడుపుకుని పట్టుకుంటే ఏడు అంగుళాలుంటుంది. ముదురాకుపచ్చ వీపు మీద పురుగులు పాకినట్టు గీతలు, పక్కల్లో నీలం అంచున్న ఎర్ర చుక్కలు, నారింజ రంగు రెక్కలకి సున్నం గీసినట్టు తెల్లటి అంచు. అరచేతిలో చల్లగా కొట్టుకుంది. వదలగానే బండ కిందికి పోయింది. ఇవి ఎవరో తెచ్చి వదిలినవి కావు, ఈ కొండల సొంత చేపలు.

అందుకే నియమాలు గట్టిగా పాటించండి. పదహారేళ్ళు నిండినవాళ్ళకి వర్జీనియా ఫిషింగ్ లైసెన్సు కావాలి. పార్కులో వానపాముల్లాంటి ఎర నిషేధం, ఒకే కొక్కెం ఉన్న కృత్రిమ ఎర మాత్రమే వాడాలి. రాపిడాన్‌లో పట్టిన ప్రతి చేపనీ వదిలేయాలి. కొక్కేనికి వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లుని పటకారుతో నొక్కేస్తే చేప నోరు చిరగదు, మీ వేలికి గుచ్చుకున్నా సులువుగా వస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో గుడ్లు పెడతాయి. వాగు అడుగున గులకరాళ్ళు శుభ్రంగా కడిగినట్టు తెల్లగా కనిపిస్తే అది గుడ్లు పెట్టిన చోటు, దాని మీద అడుగు వేయకండి.

ఇంకో వస్తువు ఎవరి లిస్టులోనూ ఉండదు: చిన్న థర్మామీటర్, తాడు కట్టింది. జూలై, ఆగస్టుల్లో ముందు దాన్ని నీళ్ళలో ముంచండి. 68 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే నీళ్ళలో ఆక్సిజన్ తగ్గి, పట్టి వదిలిన చేప కూడా బతకకపోవచ్చు. అలాంటి రోజు నేను రాడ్ కారులోనే ఉంచి, పిల్లలతో కాసేపు నీళ్ళలో కాళ్ళు పెట్టుకు కూర్చుని వచ్చేస్తాను. మీరు ఏప్రిల్ చివర్లో మొదలుపెట్టండి, అప్పుడు నీళ్ళు చల్లగా ఉంటాయి, పురుగులూ బాగా లేస్తాయి.