కాలేజీలో క్లబ్ ఈవెంట్ పెట్టాలంటే ముందు బస్సుల టైమ్ చూడండి

సెకండియర్‌లో నన్ను క్లబ్ కోఆర్డినేటర్‌గా పెట్టారు, చేతిలో పెద్దగా డబ్బు లేదు, పోస్టర్లు వేసినా జనం రావడం లేదు, స్పాన్సర్ల వెంట పడాలా వద్దా అని మీరు అడిగారు. నేను ఇబ్రహీంపట్నం వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చదివాను. ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం)లో, క్విజ్ క్లబ్‌లో బాగానే తిరిగాను. సిటీకి దూరంగా ఉండి, డే స్కాలర్లు ఎక్కువగా ఉండే కాలేజీ మాది. మీదీ అలాంటిదే అయితే ఈ కింద రాసింది దాదాపు అంతా పనికొస్తుంది.

థీమ్ ఏంటి, గెస్ట్ ఎవరు అన్నవి తర్వాత. ముందు మీ కాలేజీ బస్సులు ఎన్నింటికి కదులుతాయో చూడండి. మా దగ్గర నాలుగుంపావుకి కదిలేవి. నాలుగు కొట్టిందంటే స్టేజీ మీద ఎంత పెద్ద మనిషి మాట్లాడుతున్నా హాల్లో సగం మంది బ్యాగు భుజాన వేసుకుని తలుపు వైపే చూస్తుంటారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. ఆ బస్సు పోతే రోడ్డు మీదికి నడిచి, ఆర్టీసీ బస్సు కోసం నిలబడి, ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. అందుకని బహుమతులు మూడున్నరకల్లా ఇచ్చేయాలి అనుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి. అలా లెక్కేస్తే మీరు అనుకున్న ప్రోగ్రాంలో సగం పట్టదని అర్థమవుతుంది. పట్టని సగాన్ని అప్పుడే తీసేయండి. మొదటి ఈవెంట్‌కి పూర్తి రోజు అడక్కండి. లంచ్ తర్వాత రెండు పీరియడ్లు అంటే ఏ హెచ్ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) అయినా పెద్దగా ఆలోచించకుండా సంతకం పెడతారు.

రిహార్సల్స్‌కీ ఇదే లెక్క. సాయంత్రం క్లాసులయ్యాక పెడితే బస్సు వాళ్లు ఉండరు, గర్ల్స్ హాస్టల్ వాళ్లకు గేటు టైమ్ ఉంటుంది. చివరికి బాయ్స్ హాస్టల్ నుంచి ఒక పది మంది మిగులుతారు, క్లబ్ వాళ్లదే అయిపోతుంది. లైబ్రరీ పీరియడ్, స్పోర్ట్స్ పీరియడ్, లంచ్ అవర్... వీటినే వాడుకోండి.

ఇక తేదీ. యూనివర్సిటీ అకడమిక్ క్యాలెండర్ ప్రింట్ తీసి గోడకు అంటించుకోండి. జేఎన్టీయూ అనుబంధ కాలేజీ అయితే సెమిస్టర్‌కి రెండు మిడ్స్, అంటే మధ్యలో పెట్టే పరీక్షలు ఉంటాయి కదా, మిడ్‌కి ముందు వారం దాని జోలికే వెళ్లొద్దు. మొదటి మిడ్ అయిపోయాక వచ్చే వారం బంగారం లాంటిది. అందరూ ఊపిరి పీల్చుకుంటారు, ల్యాబ్ రికార్డుల గొడవ ఇంకా మొదలవదు. సెమిస్టర్ చివర్లో పెడితే అటెండెన్స్ భయం ఒకటి. 75 శాతం ఉండాలి, 65కీ 75కీ మధ్య ఉంటే తగ్గిన అటెండెన్స్‌ని మన్నించడానికి కండోనేషన్ ఫీజు కట్టాలి, అంతకన్నా తగ్గితే డిటెన్షనే, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. ఆ అంచున ఉన్నవాళ్లు మీ క్విజ్ కోసం క్లాస్ వదులుకుని రారు.

అందుకే ఓడీ (ఆన్ డ్యూటీ, అంటే ఈవెంట్‌లో ఉన్న టైమ్‌కి క్లాస్ అటెండెన్స్ వేయడం) గురించి గట్టిగా చెబుతున్నాను. పోస్టర్ ఎంత బాగుందన్నది కాదు, ఈవెంట్‌కి వస్తే అటెండెన్స్ పడుతుందా అన్నదే అందరూ అడిగే మొదటి ప్రశ్న. పర్మిషన్ లెటర్‌లోనే ఓడీ సంగతి రాయించుకోండి. వచ్చినవాళ్ల రోల్ నంబర్లు సెక్షన్ వారీగా, సంతకాలతో తీసుకుని అదే సాయంత్రం ఫ్యాకల్టీ కోఆర్డినేటర్ సంతకంతో డిపార్ట్‌మెంట్లలో ఇచ్చేయండి. ఒక్కసారి ఓడీ లిస్టు పది రోజులు లేటయిందా, "ఆ క్లబ్ వాళ్లు ఓడీ ఇప్పించరు" అని సెక్షన్లన్నీ పాకిపోతుంది. సర్టిఫికెట్లు ఆలస్యమైనా ఎవరూ ఏమీ అనరు.

లెటర్ ఫ్యాకల్టీ కోఆర్డినేటర్, హెచ్ఓడీ, ప్రిన్సిపాల్ వరుసలో నడుస్తుందని మీకు తెలిసే ఉంటుంది. తెలియనిది ఏంటంటే, ప్రిన్సిపాల్ సంతకం అయినంత మాత్రాన హాల్ మీది కాదు. సెమినార్ హాల్‌కి ఎక్కడో ఒక రిజిస్టర్ ఉంటుంది, దాంట్లో ఎంట్రీ పడాలి. పడినా సరే, ఆ రోజు ఏదైనా కంపెనీ ప్లేస్‌మెంట్ డ్రైవ్‌కి వస్తే హాల్ వాళ్లకే పోతుంది. దాని మీద వాదించి లాభం లేదు. ప్రొజెక్టర్ ఉన్న పెద్ద క్లాస్‌రూమ్ ఒకటి ముందే చూసిపెట్టుకోండి. సంతకాలైన లెటర్ జిరాక్సులు సెక్యూరిటీ దగ్గర ఒకటి, ఎలక్ట్రీషియన్ దగ్గర ఒకటి, మీ జేబులో రెండు ఉండాలి.

హాల్ తాళం ఎవరి దగ్గరుంటుందో ఆ అటెండర్ గారి నంబర్ మీ ఫోన్‌లో ఉండాలి. నన్నడిగితే క్యాంపస్‌లో మీకు అందరికన్నా ముందు పరిచయం కావాల్సింది ఆయనే. మైకులు ఏ బీరువాలో ఉన్నాయి, ఏ స్విచ్ వేస్తే స్టేజీ లైట్లు ఆరిపోతాయి, జనరేటర్ ఆ హాల్‌కి ఉందా లేదా, అన్నీ ఆయనకే తెలుసు. ముందు రోజు, మరుసటి రోజు వాడబోయే ల్యాప్‌టాప్‌తోనే ప్రొజెక్టర్‌కి కలిపి చూడండి. కేబుల్ ఒక రకం, ల్యాప్‌టాప్‌కి ఉన్న పోర్టు ఇంకో రకం అవడం ప్రతి కాలేజీలో జరిగేదే. కార్డ్‌లెస్ మైకుకి కొత్త బ్యాటరీలు కొనండి, ఒక వైరు మైకు పక్కన పెట్టుకోండి. జ్యోతి ప్రజ్వలన ఉంటే నూనె, వత్తులతో పాటు అగ్గిపెట్టె కూడా రాసుకోండి. వినడానికి నవ్వొస్తుంది కానీ, ముఖ్య అతిథి కుందె ముందు నిలబడ్డాక హాస్టల్ కుర్రాళ్లలో ఎవరి దగ్గర లైటర్ ఉందో ప్రిన్సిపాల్ ఎదురుగా తేలడం వాళ్లకూ మీకూ మంచిది కాదు.

ప్రారంభ సభే అన్నిటికన్నా ఎక్కువ టైమ్ తినేది. ప్రార్థన గీతం, జ్యోతి, శాలువాలు, మెమెంటోలు, నాలుగు ప్రసంగాలు, వందన సమర్పణ. పావుగంట అని వేసుకుంటే గంట పడుతుంది. పైగా పెద్దలు ఎవరో ఒకరు మీటింగ్‌లో ఇరుక్కుని ఆలస్యంగా వస్తారు. మేం ఏం చేసేవాళ్లమంటే, క్విజ్ ప్రిలిమ్స్ రాత పరీక్షలా ముందే పెట్టేసేవాళ్లం. చెప్పిన టైమ్‌కి పేపర్లు పంచి, అరగంటలో వెనక్కి తీసుకుని, ఆ తర్వాత సభ. స్టేజీ మీద ప్రసంగాలు జరుగుతుంటే పక్క గదిలో ముగ్గురు కూర్చుని పేపర్లు దిద్దుతారు. సభ అవగానే ఫైనల్‌కి వెళ్లిన టీముల పేర్లు చదవడమే. పేరు ఉందో లేదో తెలుసుకోవాలి కాబట్టి ఒక్కరూ లేచి వెళ్లరు, అతిథికి నిండు హాల్ కనిపిస్తుంది, పెద్దలు అరగంట లేటుగా వచ్చినా మీకు టెన్షన్ ఉండదు. కోడింగ్, వ్యాసరచన, డిబేట్ మొదటి రౌండ్, దేనికైనా ఈ పద్ధతి కుదురుతుంది.

జనం రావడం లేదన్నారు. ఇన్‌స్టాగ్రామ్ పోస్టర్‌కి లైకులు కొట్టేవాళ్లు మీ ఫ్రెండ్సే. ఫ్రీ గూగుల్ ఫామ్ నింపినవాళ్లలో సగం మంది కూడా రారని ముందే అనుకోండి. ఇరవయ్యో ముప్పయ్యో ఫీజు పెట్టి చూడండి, పేర్లు తగ్గుతాయి కానీ పేరిచ్చినవాళ్లు వస్తారు. క్లాస్ మొదలయ్యే ముందు మేడమ్ పర్మిషన్ తీసుకుని రెండు నిమిషాలు బోర్డు ముందు నిలబడి చెప్పడానికి మించిన ప్రచారం నేను చూడలేదు. సీఆర్‌లతో (క్లాస్ రిప్రజెంటేటివ్‌లతో) విడిగా మాట్లాడండి. వాళ్లు క్లాస్ గ్రూప్‌లో ఒక్క మాట రాస్తే చాలు.

ఇంకొకటి, విషయం. వ్యక్తిత్వ వికాసం, నాయకత్వ లక్షణాలు అని బోర్డు కడితే వచ్చినవాళ్లు కూడా ఫోన్లు చూసుకుంటారు. సెప్టెంబర్ 15 ఇంజనీర్స్ డే అంటే చాలా చోట్ల విశ్వేశ్వరయ్య గారి ఫొటోకి దండ వేసి, ఆయన గొప్పతనం మీద ఒక ప్రసంగంతో సరిపెడతారు. హైదరాబాద్ చుట్టుపక్కల కాలేజీల వాళ్లకు అంతకన్నా దగ్గరి కథ ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వరద వచ్చి నగరాన్ని ముంచేసింది. అఫ్జల్‌గంజ్ దగ్గర, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారని చెబుతారు. ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఎగువన జలాశయాలు కట్టి వరదను ఆపాలని ఆయన చెప్పిన దాని నుంచే మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (మనం గండిపేట అనే చెరువు), దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఈ కథ మీద సివిల్ వాళ్లతో చార్టులు, నమూనాలు చేయించి, అవే ప్రశ్నలుగా చిన్న క్విజ్ పెట్టాం. గండిపేటకి పిక్నిక్ వెళ్లని వాళ్లు మా కాలేజీలో తక్కువ. ఆ చెరువు ఎందుకు కట్టారో తెలియదని మెకానికల్ వాళ్లు కూడా వచ్చి నిలబడి చదివారు. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవమూ ఇలాగే, గిడుగు రామమూర్తి గారి మీద ఉపన్యాసం కన్నా మీ జిల్లాల మాటల పోటీ ఒకటి పెడితే శ్రీకాకుళం వాళ్లూ ఆదిలాబాద్ వాళ్లూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఒక్క సంగతి, అడ్మిషన్ల కౌన్సెలింగ్ ఆలస్యమైన ఏడాది ఆగస్టు చివరికి ఫస్టియర్ క్లాసులు సరిగ్గా మొదలై ఉండవు. వాళ్లను లెక్కలో వేసుకోకండి.

మీ క్లబ్ ఎప్పుడైనా ఎన్ఎస్ఎస్‌తో కలిసి రక్తదాన శిబిరం పెడితే ఒక మాట. దానికి ముందు వారమంతా ప్రచారం "రండి, ఇవ్వండి" అని కాదు, ఎవరు ఇవ్వొచ్చో చెప్పడం మీద ఉండాలి. 18 ఏళ్లు నిండాలి, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ డెసిలీటర్‌కి 12.5 గ్రాములు ఉండాలి. ఇంతకుముందు ఇచ్చి ఉంటే మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజులు గడవాలి. ఇవి ముందే తెలియక ఉత్సాహంగా క్యూలో నిలబడి, తీరా పరీక్ష చేశాక వెనక్కి వెళ్లేవాళ్లు చాలామంది, అందులో అమ్మాయిలే ఎక్కువ. అందరి ముందు అలా పంపడం బాగుండదు, పరీక్ష టేబుల్ కాస్త పక్కగా, తెర చాటున పెట్టించండి. టిఫిన్ తినకుండా వచ్చేవాళ్లను మెస్ వైపు పంపడానికి ఒక మనిషిని గుమ్మం దగ్గరే ఉంచండి. శిబిరం పొద్దున్నే మొదలుపెట్టి లంచ్‌కి ముగించాలి. ఇక్కడా బస్సు సంగతే, రక్తం ఇచ్చి వెంటనే గంటన్నర నిలబడి ప్రయాణం చేయకూడదు. గ్రౌండ్ ఫ్లోర్, ఫ్యాన్లు, తాగునీళ్లు ఉన్న హాల్ తీసుకోండి.

డబ్బు విషయానికొస్తే, కాలేజీ ఇస్తానన్నది సాధారణంగా ఖర్చయ్యాక ఇస్తుంది, ఆ ఇచ్చేది కూడా నెలల తర్వాత. కాబట్టి అడ్వాన్స్ ఎంతిస్తారో అకౌంట్స్ సెక్షన్‌లో ముందే అడగండి. ప్రతి బిల్లూ కాలేజీ పేరు మీద, జీఎస్టీ నంబర్‌తో ఉండాలి. చిత్తు కాగితం మీద రాసిచ్చిన కచ్చా బిల్లు తీసుకెళ్తే అకౌంటెంట్ మీ మొహానే తిప్పి పంపుతారు. ఫ్లెక్సీ ఒక్కటే చేయించండి, దాని మీద తేదీ వేయించకండి, క్లబ్ పేరు చాలు, మూడేళ్లు వాడుకోవచ్చు. మెమెంటోలు, షీల్డులు బేగంబజార్‌లో తెచ్చుకుంటే కాలేజీ దగ్గరి షాపుకన్నా చాలా తగ్గుతుంది. నిజానికి షీల్డుల బదులు కోఠిలో పుస్తకాలు కొని ఇస్తే గెలిచినవాళ్లు వాటిని చదివైనా చదువుతారు. యూపీఐలో వసూలు చేసేది ఒక్కరి ఖాతాలోకే రానివ్వండి, ఏ రోజు లెక్క ఆ రోజు గ్రూప్‌లో పెట్టమనండి. స్నేహాలు చెడేది ఇక్కడే.

పని పంచేటప్పుడు "అందరం చూసుకుందాం" అన్న మాట టీమ్‌లో వినిపిస్తే ఆపండి. మంచినీళ్ల క్యాన్ ఎవరిది, అతిథిని గేటు దగ్గర కలిసేది ఎవరు, ఓడీ షీటు ఎవరిది, ఒక్కో పనికి ఒక్కో పేరు రాయండి. బ్యాడ్జీలు నలభై మంది అడుగుతారు, కుర్చీలు మోసేవాళ్లు ఆరుగురే ఉంటారు. ఆ ఆరుగురినే వచ్చే ఏడాది కోఆర్డినేటర్లుగా చూసుకోండి.

చివరగా స్పాన్సర్లు. మీ స్థాయి ఈవెంట్‌కి ముందుకొచ్చేది గేట్ కోచింగ్ సెంటర్లు, విదేశీ చదువుల కన్సల్టెన్సీలు. ఐదు వేలో పది వేలో ఇస్తామంటారు, బదులుగా పాల్గొన్నవాళ్ల ఫోన్ నంబర్ల లిస్టు కావాలంటారు. ఇవ్వకండి. ఆ వారం నుంచి ప్రతి ఒక్కరికీ రోజుకి రెండు ఫోన్లు వస్తాయి, నంబర్లు ఎక్కడి నుంచి వెళ్లాయో కనిపెట్టడం సెకండియర్ వాళ్లకు కష్టమేమీ కాదు. హాల్ బయట ఒక టేబుల్, బ్యానర్‌కి చోటు ఇస్తామని చెప్పండి. నంబర్ ఇవ్వాలనుకున్నవాళ్లు అక్కడే ఇచ్చుకుంటారు. దానికి ఒప్పుకుంటే ప్రిన్సిపాల్ అనుమతి రాతపూర్వకంగా తీసుకుని, చెక్ కాలేజీ పేరు మీద రాయించండి. ఒప్పుకోకపోతే వదిలేయండి, పైన చెప్పిన రెండు పీరియడ్ల క్విజ్‌కి ఎలాగూ వాళ్ల డబ్బుతో పని లేదు.