సేవ సంగతి తర్వాత, ముందు మీ భార్యతో కూర్చోండి

"వందనాలమ్మా. నాకు 41 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో డెలివరీ మేనేజర్‌ని. అమెరికా క్లయింట్ కావడంతో పొద్దున తొమ్మిదికి మొదలైన పని రాత్రి ఒంటిగంటకు గానీ తెమలదు. సెలవు పెట్టినా ల్యాప్‌టాప్ తెరవకుండా ఉండలేను, తెరవకపోతే గుండె దడ. ఆదివారం ఆరాధనలో వాక్యం చెబుతున్నప్పుడు కూడా ఫోన్ చూస్తాను. ఇది వ్యసనమని నాకే తెలుస్తోంది. తెల్లవారుజామున లేచి ప్రార్థిస్తున్నాను, మార్పు లేదు. నా ప్రార్థన ఇంటి కప్పు దాటడం లేదనిపిస్తోంది. ఉద్యోగం మానేసి పూర్తికాల సేవకు రమ్మని ప్రభువు పిలుస్తున్నాడేమో. 21 రోజులు ఉపవాసముండి తేల్చుకుందామనుకుంటున్నాను. నా భార్య ప్రార్థనాపరురాలు, దేనికీ ఫిర్యాదు చేయదు. స్టాఫ్ నర్సుగా చేసేది, పిల్లల కోసం మానేసింది. పాపకు 13, బాబుకు 8. సేవకు వెళ్లమంటారా? ఏ వాక్యం పట్టుకుని ప్రార్థించమంటారు?"

బాబూ, సేవకు వెళ్లొద్దు. ఉపవాసం కూడా వద్దు. వాక్యం మాత్రం చెబుతాను, అది మీరు ఎదురుచూస్తున్న వాక్యం కాకపోవచ్చు.

మీ ఉత్తరాన్ని ఇక్కడ చాలా కుదించాను. అందులో క్లయింట్ గురించి, మీ పై మేనేజర్ గురించి, రిలీజ్‌ల గురించి పేజీలకు పేజీలు రాశారు. భార్య గురించి రాసింది రెండు వాక్యాలు. నన్ను పట్టి నిలబెట్టినవి ఆ రెండే.

పిల్లల కోసం ఉద్యోగం మానేసింది అన్నారు. ఆవిడ మానేసిందా, మానక తప్పలేదా? నర్సు డ్యూటీ అంటే షిఫ్టులు. రాత్రి డ్యూటీ పడిన రోజు పిల్లల దగ్గర ఇంకొకరు ఉండాలి. మీరు ఇంట్లోనే ఉన్నా తలుపేసుకుని కాల్‌లో ఉంటే ఆవిడ ఎవరికి అప్పజెప్పి వెళ్తుంది? మూడేళ్లో నాలుగేళ్లో కష్టపడి చదివి, వార్డుల్లో నిలబడి నేర్చుకున్న పనిని ఆవిడ మీ క్యాలెండర్ కోసం వదులుకుంది. మీరు దాన్ని ఒక్క ముక్కలో, పిల్లల ఖాతాలో రాసేశారు. ఆవిడ నర్సింగ్ రిజిస్ట్రేషన్ ఇంకా చెల్లుబాటులో ఉందో, రెన్యువల్ చేయించాలో మీకు తెలుసా? మీ క్లయింట్ కాంట్రాక్టు ఎప్పుడు రెన్యువల్‌కు వస్తుందో మీకు తేదీతో సహా తెలిసే ఉంటుంది.

ఇక ఆ రెండోది, దేనికీ ఫిర్యాదు చేయదన్న మాట. ఫిర్యాదు చేయని భార్య సుఖంగా ఉందని అనుకోవద్దు. మొదటి ఏళ్లలో ఆవిడ తప్పకుండా అడిగే ఉంటుంది. ఎప్పుడొస్తారు, పండక్కి ఊరికి వెళ్దామా, పాప స్కూల్లో మీటింగ్ ఉంది వస్తారా అని. అడగడం ఏ సంవత్సరంలో ఆపేసిందో గుర్తు తెచ్చుకోండి. ఆవిడ అప్పుడు శాంతించలేదు, ఆశ వదులుకుంది. మన సంఘాల్లో దాన్ని సాత్వికం అని మెచ్చుకుంటాం. భర్త మారాలని భార్య ఏళ్ల తరబడి మోకరించిందని సాక్ష్యం చెబితే అందరం స్తోత్రం అంటాం. అలాంటి సాక్ష్యం విన్న ప్రతిసారీ నాకు బాధే. ఆ మోకాళ్ల నొప్పిలో సగం భర్త పంచుకోవలసింది కదా.

మీరు అడిగిన వాక్యం ఇది. మొదటి పేతురు పత్రిక మూడో అధ్యాయం, ఏడో వచనం. పేతురు అక్కడ భర్తలతో మాట్లాడుతున్నాడు. భార్యలు జీవమనే కృపావరంలో మీతో పాటు వారసులు, వాళ్లను సన్మానించి తెలివిగా కాపురం చేయండి, మీ ప్రార్థనలకు అడ్డు రాకుండా ఉంటుంది అంటాడు. ప్రార్థన ఎందుకు పైకి పోవడం లేదని మీరు నన్ను అడిగారు. పేతురు ఎప్పుడో చెప్పాడు. పెళ్లిళ్లలో ఈ వచనం చదువుతారు గానీ, ఆ చివరి ముక్క దగ్గర ఎవరూ ఎక్కువసేపు ఆగరు.

మీరు ఉత్తరంలో మొదటి తిమోతి పత్రిక ఐదో అధ్యాయం ఎత్తారు. తన ఇంటివారిని పోషించనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడని, అందుకే ఇంత కష్టపడుతున్నానని రాశారు. ఆ అధ్యాయం పైనుంచి చదవండి. పౌలు అక్కడ విధవరాళ్ల గురించి రాస్తున్నాడు. ఇంట్లో దిక్కులేని తల్లినీ నాయనమ్మనీ సంఘం మీదకు నెట్టకండి అంటున్నాడు. రాత్రి ఒంటిగంట కాల్‌కి ఆ వచనాన్ని అడ్డం పెట్టుకోకూడదు. అదే పత్రిక మూడో అధ్యాయంలో, సొంత ఇంటిని నడపడం తెలియనివాడు దేవుని సంఘాన్ని ఎలా చూసుకుంటాడని కూడా పౌలే అడిగాడు. సేవకు వెళ్దామనుకునే మీరు ముందు జవాబు చెప్పుకోవలసిన ప్రశ్న అది.

సేవలోకి వెళ్తే ఈ వ్యసనం పోతుందన్న నమ్మకం మీకు ఎక్కడినుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు. వర్క్‌హాలిక్, అంటే పనికి బానిసైనవాడు, అనే మాటను లోకానికి ఇచ్చినవాడు సాఫ్ట్‌వేర్ మనిషి కాదు, వేన్ ఓట్స్ అనే అమెరికా బాప్టిస్టు పాస్టరు. సెమినరీలో పాస్టర్లకు కౌన్సెలింగ్ నేర్పిన ప్రొఫెసర్ ఆయన. దక్షిణ కరోలినాలో పేదరికంలో పుట్టాడు. తండ్రి వదిలేసి వెళ్లిపోతే తల్లి పత్తి మిల్లులో పనిచేసి సాకింది. అలా పైకి వచ్చిన మనిషి పని ఆపలేకపోయాడు. ఆయన ఐదేళ్ల కొడుకు ఒకరోజు నాన్నను కలవడానికి అపాయింట్‌మెంట్ అడిగాడట. అప్పుడు గానీ తన స్థితి ఆయనకు తెలిసి రాలేదు. తాగుబోతుకు మందు ఎలాగో తనకు పని అలాగే అయిందని ఒప్పుకుంటూ 1971లో పుస్తకమే రాశాడు. ఆయన చేసిన పని వాక్యం చెప్పడం, బాధల్లో ఉన్నవాళ్లను ఓదార్చడం. అయినా కొడుక్కి దొరకలేదు.

రేపు మీరు సేవలోకి వెళ్తే స్వస్థత కూటాలుంటాయి, ఇంటింటి ప్రార్థనలుంటాయి, ఊరూరా మీటింగులుంటాయి. ఇప్పుడు కనీసం మీ భార్య మనసులోనైనా కంపెనీని తిట్టుకోగలదు. అప్పుడు దేవుణ్ణి తిట్టుకోలేక ఇంకా కుమిలిపోతుంది. జీతం కూడా ఉండదు. ఈ నిర్ణయం గురించి ఆవిడతో ఒక్క మాటైనా అన్నారా? ఉత్తరంలో ఆ ప్రస్తావనే లేదు.

నిర్గమకాండం 18వ అధ్యాయం ఇద్దరూ కలిసి చదవండి. మోషే మామ యిత్రో అరణ్యానికి వస్తాడు. ఊరికే రాడు, మోషే అంతకుముందు పుట్టింటికి పంపేసిన భార్య సిప్పోరానూ ఇద్దరు కొడుకులనూ వెంటబెట్టుకుని వస్తాడు. మోషే ఎదురెళ్లి మామకు నమస్కరిస్తాడు, ముద్దుపెట్టుకుంటాడు, క్షేమసమాచారాలు అడుగుతాడు. భార్యతో ఏం మాట్లాడాడో ఆ అధ్యాయంలో ఒక్క మాట లేదు. మర్నాడు పొద్దున్నే జనానికి తీర్పులు చెప్పడానికి కూర్చుంటే సాయంత్రం దాకా లేవడు. అది చూసి యిత్రో ఏమన్నాడు? నువ్వు చేస్తున్నది మంచిది కాదు, నువ్వూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారు అన్నాడు. మోషే చేస్తున్నది దేవుని పని. అయినా కూతుర్ని ఇచ్చిన పెద్దమనిషిగా ఆ మాట అనే హక్కు తనకుందని ఆయన అనుకున్నాడు. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి ఒక్కో అధికారిని పెట్టు, కష్టమైనవి మాత్రం నీ దగ్గరకు తెమ్మను అని దారి కూడా చూపించాడు. మోషే మారు మాట్లాడకుండా అలాగే చేశాడు.

మీ టీమ్‌లో మీ కింద లీడ్‌లు ఉన్నారు కదా. రాత్రి కాల్స్‌లో మీరు తప్ప ఎవరూ మాట్లాడకూడనివి ఎన్ని? ఒక వారం నిజాయితీగా రాసి చూడండి. లేఆఫ్‌ల భయం నాకు తెలుసు, ఫ్లాట్ లోను సంగతీ తెలుసు. ఆ భయం అబద్ధమని అనను. కానీ సెలవు రోజు, ఎవరూ పిలవని పూట ల్యాప్‌టాప్ తెరిచేది ఆ భయంతో కాదు. ఇంట్లో కూర్చుంటే ఏం మాట్లాడాలో తెలియని స్థితికి మీరు వచ్చారు. ఆఫీసులో అందరూ మీ మాట కోసం చూస్తారు, ఇంట్లో మీ చోటు ఏదో మీకే తెలియడం లేదు. అందుకని పనిలోకి పారిపోతున్నారు.

ఉపవాసం ఎందుకు వద్దన్నానంటే, మీరు నిద్రపోయేది నాలుగు గంటలు, పైగా గుండె దడ. ఏలీయా బదరీ చెట్టు కింద పడి ప్రాణం తీసేయమని అడిగినప్పుడు దేవదూత ఆయన్ను ప్రార్థించమనలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి తినమన్నాడు, మళ్లీ పడుకోనిచ్చి, లేపి మళ్లీ తినమన్నాడు. మీరు ముందు డాక్టర్ దగ్గరకు వెళ్లి ఈసీజీ, బీపీ చూపించుకోండి. వారానికి 55 గంటలు, అంతకుమించి పనిచేసేవాళ్లకు 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లకంటే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో చెప్పాయి. మీది 55 కన్నా ఎంతో ఎక్కువ. ఈ టెన్షన్, నిద్రలేమి తగ్గకపోతే మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. డాక్టర్ ఇచ్చిన మందులు వేసుకుంటే విశ్వాసం తక్కువైనట్టు కాదు.

తెల్లవారుజామున ఒంటరిగా చేసే ప్రార్థన కొన్నాళ్లు తగ్గించి, రాత్రి ఆవిడ పక్కన కూర్చుని చేయండి. మొదటి రోజు ప్రార్థన కూడా వద్దు. క్షమాపణ అడగండి, చేసిన తప్పుకు పేరు పెట్టి అడగండి. "నీ ఉద్యోగం నా వల్ల పోయింది" అని చెప్పండి. "ఏదైనా తప్పు చేసుంటే క్షమించు" అని మాత్రం అనొద్దు. ఆవిడ ఏడవచ్చు, కోప్పడవచ్చు, ఏమీ అనకుండా లేచి వంటింట్లోకి వెళ్లిపోవచ్చు. మధ్యలో వాక్యం చెప్పకండి. క్షమించడం క్రైస్తవురాలి ధర్మమని గుర్తు చేయకండి. ఒకరితో ఒకరు పాపాలు ఒప్పుకుని ఒకరి కోసం ఒకరు ప్రార్థించమని యాకోబు రాశాడు. ఒప్పుకోవడం ముందు, ప్రార్థన తర్వాత. ఆ వరుస మార్చకండి.

తర్వాత ప్రార్థించే రోజుల్లో ఆవిడకు ఏం కావాలో ఆవిడనే అడిగి, అదే మీ నోటితో ప్రభువుకు చెప్పండి. ప్రాజెక్టు కోసం ప్రార్థించడం పాపమేమీ కాదు, కానీ ఇప్పటిదాకా మీ ప్రార్థనల్లో అదొక్కటే ఉంది.

శనివారం సాయంత్రం నుంచి ఆదివారం సాయంత్రం దాకా ల్యాప్‌టాప్ మూసేయండి. విశ్రాంతి దినం గురించి ద్వితీయోపదేశకాండంలో మోషే చెప్పిన కారణం చూడండి. మీరు ఐగుప్తులో బానిసలుగా ఉన్నారని గుర్తుంచుకోండి అంటాడు. సెలవు లేని మనుషులుగా బతికినవాళ్లకు దేవుడిచ్చిన రోజు అది. మొదటి నాలుగైదు వారాలు చేతులు పీకుతాయి, దడ వస్తుంది. వచ్చినప్పుడు ఆవిడతో చెప్పండి. అయితే ల్యాప్‌టాప్ బీరువాలో పెట్టి తాళం ఆవిడ చేతికి ఇవ్వకండి. చాలామంది భర్తలు అలా చేసి, తర్వాత తాళం ఇవ్వలేదని భార్య మీదే విసుక్కుంటారు. కాపలా మీదే.

ఆవిడ మళ్లీ డ్యూటీకి వెళ్తానంటే, వారంలో ఏ రాత్రులు పిల్లల్ని మీరు చూసుకోగలరో ముందే మీ మేనేజర్‌తో మాట్లాడి ఖాయం చేసుకోండి. వెళ్లనంటే అదీ ఆవిడ ఇష్టం. సేవ విషయం ఒక సంవత్సరం ఎత్తకండి, మీ పాస్టర్ గారితో కూడా ఆ మాటే చెప్పండి.

ఈ జవాబు ఆవిడకు చూపించండి. నాకు ఏమైనా రాయాలనిపిస్తే రాయమనండి. రాస్తే ఆ ఉత్తరం మీకు చూపించనక్కర్లేదని కూడా చెప్పండి.