పంటి పదార్థాల మీద పరిశోధనకు దిగుతున్న మేనకోడలికి

చి. సౌమ్యకు,

మామయ్య ఆశీస్సులు. పీహెచ్‌డీలో చేరావనీ, పళ్ల ఫిల్లింగ్‌కి వాడే కాంపోజిట్‌లో (రెజిన్ అనే జిగురులాంటి ప్లాస్టిక్‌లో గాజుపొడి కలిపిన పేస్ట్) బయోయాక్టివ్ గ్లాస్ అనే, తడిలో మెల్లగా కరిగే గాజు కలిపి చూడబోతున్నావనీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమైంది. నేను ఏళ్ల తరబడి చేసిన పని ఇదే కాబట్టి, మొదట్లోనే నీకు తెలియాల్సిన సంగతులు కొన్ని రాస్తున్నాను.

ముందు నీటి గురించి. నోట్లో రాత్రీ పగలూ తడే. దానికి తోడు వేడి కాఫీ, వెనకే చల్లటి నీళ్లు, తీపి తిన్నాక బ్యాక్టీరియా వదిలే ఆమ్లం. పీహెచ్ (ఆమ్లత కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) దాదాపు 5.5కి దిగితే పంటి పైనుండే గట్టి ఎనామిల్ కూడా కరగడం మొదలవుతుంది. ఇక నీ గ్లాస్ సంగతి చూడు. అది కరిగితేనే పంటికి కావాల్సిన ఖనిజాలు కాల్షియం, ఫాస్ఫేట్ అయాన్లుగా బయటికొస్తాయి, మనం కలిపేది అందుకే. కానీ కరిగిన చోట ఖాళీ మిగులుతుంది, అక్కడ నీరు చేరుతుంది, బలం తగ్గుతుంది. గాజునీ రెజిన్‌నీ కలిపి పట్టే సైలేన్ అనే రసాయనం పూత వేస్తే గ్లాస్ రెజిన్‌ని బాగా పట్టుకుంటుంది, అయాన్లు రావడం మాత్రం తగ్గిపోతుంది. ఈ రెండిటి మధ్య ఎక్కడ ఆగాలో తేల్చగలిగితే నీ థీసిస్‌కి విలువ ఉంటుంది.

ఫిల్లింగ్ పదార్థాల పరీక్షకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 4049 ప్రకారం 25 మి.మీ. పొడవు, 2 మి.మీ. వెడల్పు, 2 మి.మీ. మందం ఉన్న బార్లు చేసి, 37 డిగ్రీల నీటిలో 24 గంటలు ఉంచి విరగ్గొడతారు. నమిలే పళ్ల మీద వాడేదైతే వంచినప్పుడు విరగకుండా తట్టుకునే బలం కనీసం 80 మెగాపాస్కల్స్ రావాలి. ఆ ఒక్కరోజు అంకె చూసి సంబరపడొద్దమ్మా. ఇలాంటి పేపర్లు ఇప్పటికే చాలా ఉన్నాయి. మొదటి నెలలోనే అదనంగా బార్లు చేసి, సీసాల మీద తేదీ రాసి ఇంక్యుబేటర్‌లో పెట్టేయ్. నెలకి, ఆర్నెల్లకి, ఏడాదికి కొన్ని కొన్ని తీసి విరగ్గొట్టు. ఏడాది నానాల్సిన వాటిని ఆఖరి సంవత్సరంలో మొదలుపెట్టి టెన్షన్ పడే పిల్లల్ని చాలామందిని చూశాను.

బార్ చేయడం కూడా ఒడుపుగా నేర్చుకోవాల్సిన పనే. గాజు పలక మీద మైలార్ షీట్ (పలుచటి పారదర్శక ప్లాస్టిక్), దాని మీద ఉక్కు అచ్చు పెట్టు. పేస్ట్ కాస్త ఎక్కువే నింపి, పైన ఇంకో షీట్, ఇంకో పలక పెట్టి నెమ్మదిగా నొక్కు. షీట్ లేకపోతే గాలిలోని ఆక్సిజన్ వల్ల పైపొర గట్టిపడదు, వేలికి జిగటగా తగులుతుంది. పేస్ట్‌ని గట్టిపరిచే బ్లూ లైట్ మొన బార్ మొత్తానికి చాలదు. మధ్యలో మొదలుపెట్టి, వెలుగు పడిన చోటి మీదికి మళ్లీ కొంచెం ఎక్కేలా రెండు చివర్లకీ జరుపుకుంటూ పో. విరిగిన ముక్కల్ని పారేయకుండా మైక్రోస్కోప్ కింద చూడు. పగులు గాలిబుడగ దగ్గర మొదలైతే ఆ లోపం కలపడంలోనో నింపడంలోనో ఉంది. అలాంటి బార్‌ని లెక్కలోంచి తీసేయాలా వద్దా అన్న నియమం ముందే రాసిపెట్టుకో. అంకె చూశాక నిర్ణయించుకుంటే అది మోసమే.

సిమ్యులేటెడ్ బాడీ ఫ్లూయిడ్‌లో, అంటే రక్తంలోని లవణాలను పోలేలా చేసిన ద్రావణంలో, అందరిలాగే నువ్వూ నానబెడతావు. దాన్ని ప్లాస్టిక్ బీకర్‌లో చేయి. ఒక లవణం పూర్తిగా కరిగాకే రెండోది వేయి. 36.5 డిగ్రీల దగ్గర పీహెచ్ 7.40 ఉండాలి. మసకబారిందంటే పారబోసి మళ్లీ చేయి. నానిన గాజు మీద అపటైట్ (ఎముకలో, పంటిలో ఉండే ఖనిజం లాంటిది) పొర కనబడగానే శరీరంలో కూడా అంతేనని రాసేయకు. ఎముక లోటు పూడ్చడానికి వాడే బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ అనే పదార్థం మీద ఆ ద్రావణంలో పొర సరిగ్గా కట్టకపోయినా, శరీరంలో అది ఎముకకి అతుక్కుంటుంది.

ల్యాబ్‌లోనే ఉండిపోకు. 1967లో అమెరికా శాస్త్రవేత్త లారీ హెంచ్‌కి ఈ గ్లాస్ ఆలోచన వచ్చింది బస్సులో, వియత్నాం నుంచి వచ్చిన ఒక సైనికాధికారితో మాట్లాడుతుండగా. శరీరం తిరస్కరించని పదార్థం చేయగలరా అని ఆ అధికారి అడిగారు. 1969లో హెంచ్ ఆ గ్లాస్ తయారుచేశారు. నువ్వూ వారానికో పూట డెంటల్ ఓపీలో కూర్చో. పాత ఫిల్లింగులు ఎందుకు తీసేస్తున్నారో డాక్టర్లని అడిగి రాసుకో.

ఒక కోరిక కూడా ఉంది. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరోసిస్ (నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై పాడైన) పళ్లు ఎన్ని తరాలుగా చూస్తున్నాం! మన ప్రాంతంలో దీని గురించి 1937లోనే వైద్యులు రాశారు. ఆ ఎనామిల్ పైపొర, ఫిల్లింగ్ పట్టేలా పంటిని గరుకు చేయడానికి పూసే ఫాస్ఫారిక్ ఆసిడ్‌కి అంత తేలిగ్గా లొంగదు కాబట్టి, మామూలు పంటికి అంటుకున్నట్టు ఫిల్లింగ్ దానికి అంటుకోకపోవచ్చు. నీ పదార్థాన్ని ఆ పళ్ల మీద కూడా పరీక్షించు. ఆ పరీక్ష మనం చేయకపోతే ఇంకెవరు చేస్తారు? ఇతర కారణాలతో డాక్టర్లు తీసేసిన పళ్లే తీసుకోవాలి, దానికి ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. అది రావడానికి ఆలస్యమవుతుంది, ఈ నెలలోనే దరఖాస్తు పెట్టు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ల్యాబ్ నోట్‌బుక్ తెచ్చుకో. గ్రాఫులు ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మామయ్య