సివిల్ తీసుకుంటానంటున్న బిడ్డ, సీఎస్‌ఈ అంటున్న బంధువులు: పరకాల మేస్త్రి అన్నకు జవాబు

ప్రశ్న: సార్, మాది పరకాల దగ్గర ఊరు. ఇరవై ఏళ్ల నుంచి సుతారి పని చేస్తున్నాను. ఇప్పుడు సొంతంగా చిన్న ఇళ్లు ఒప్పుకుని కడుతున్నాను, ఇందిరమ్మ ఇళ్లు కూడా. మా బిడ్డ ఇంటర్ ఎంపీసీ అయిపోయింది, ఎప్‌సెట్‌లో ర్యాంకు బాగానే వచ్చింది. సివిల్ తీసుకుంటా, పేదోళ్లకు ఎండకు ఉడకని ఇళ్లు కట్టడం నేర్చుకుంటా, దాన్నే గ్రీన్ బిల్డింగ్ అంటారు అంటోంది. బంధువులందరూ సీఎస్‌ఈ అంటున్నారు. గ్రీన్ బిల్డింగ్ అంటే హైదరాబాద్ అద్దాల మేడలకు కదా, మా ఇళ్లకు దానితో ఏం పని? ఉద్యోగం దొరుకుతుందా? ఆడపిల్ల సైట్ మీద ఎట్లా? మస్తు టెన్షన్‌గా ఉంది.

జవాబు: అన్నా, నేను చాలామంది పిల్లల్ని అడుగుతుంటాను, ఈ బ్రాంచ్ ఎందుకు అని. ఎక్కువ మంది చెప్పేది ప్యాకేజీ, లేకపోతే ఫ్రెండ్ తీసుకున్నాడని. మీ బిడ్డ చెప్పిన కారణం మీ ఇంట్లోంచి, మీ పనిలోంచి వచ్చింది. దాన్ని మీరు తేలిగ్గా తీసుకోవద్దని ముందే అడుగుతున్నాను.

అద్దాల మేడల సంగతి. మీరు అట్లా అనుకోవడంలో తప్పు లేదు. మన దేశంలో గ్రీన్ బిల్డింగ్ అనే మాట బాగా వినబడింది హైదరాబాద్ కొత్తగూడలో గోద్రెజ్ పేరుతో ఉన్న గ్రీన్ బిజినెస్ సెంటర్ కట్టాకే, అది పరిశ్రమల వాళ్ల సంఘం సీఐఐది. 2004లో అబ్దుల్ కలాం గారు ప్రారంభించారు. కట్టడం ఎంత పొదుపుగా ఉందో చూసి ఇచ్చే అమెరికా రేటింగ్‌లో అన్నిటికన్నా పైదైన ప్లాటినం దానికి వచ్చింది. ఆ తర్వాత ఐటీ కంపెనీల బిల్డింగులన్నీ ఆ రేటింగ్‌ల వెంటపడ్డాయి, జనానికి గుర్తున్నది అదే. కానీ ఇప్పుడు చిన్న ఇళ్ల కోసం కూడా రేటింగ్‌లు ఉన్నాయి. ఐజీబీసీ, అంటే ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ వాళ్లకు తక్కువ ధర ఇళ్లకని వేరే రేటింగ్ ఉంది, గృహ అనే సంస్థకూ ఉంది. ఎడ్జ్ అని ఇంకొకటి ఉంది. కరెంటు, నీళ్లు, సామాన్ల తయారీకి పట్టే శక్తి, ఈ మూడింటిలో కనీసం 20 శాతం చొప్పున ఆదా చూపిస్తే సర్టిఫికెట్ ఇస్తారు. దాని లెక్కల సాఫ్ట్‌వేర్ ఆన్‌లైన్‌లో ఉచితంగా వాడుకోవచ్చు, మీ బిడ్డ ఇవాళే తెరిచి చూడొచ్చు.

అసలు విషయం మీకు తెలిసిందే, నేను ఇంకో పేరుతో చెబుతున్నాను, అంతే. ఇందిరమ్మ ఇంటికి ప్రభుత్వం ఇచ్చేది 5 లక్షలు, అదీ విడతల వారీగా, కనీసం 400 చదరపు అడుగులు ఉండాలి. ఆ డబ్బుతో బేస్మెంట్, గోడలు, స్లాబ్ లేపేసరికే చేతులెత్తేయాల్సి వస్తుంది. ఆ ఇంట్లో మే నెలలో రాత్రి పది గంటలకు కూర్చుని చూడండి. పగలంతా ఎండకు కాలిన స్లాబ్ రాత్రంతా ఆ వేడిని కిందికి వదులుతూనే ఉంటుంది, జనం మంచాలు వాకిట్లో వేసుకుంటారు. కొత్త ఇల్లు కట్టుకుని బయట పడుకోవడం, లేకపోతే కూలర్ కొని కరెంటు బిల్లు కట్టుకోవడం. మీ అమ్మానాన్నల కాలంలో మట్టిగోడల పెంకుటిల్లు ఇంతకన్నా చల్లగా ఉండేది కదా! అప్పులు తెచ్చి కట్టిన ఇల్లు దానికన్నా ఎందుకు ఉడుకుతోంది అని మీ బిడ్డ అడుగుతోంది. ఇంత మంచి ప్రశ్న వేసే పిల్లను నేను ఆపలేను.

దీనికి లెక్క ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ 2018లో ఎకో నివాస్ సంహిత అని ఇళ్ల కోసం ఒక కోడ్ తెచ్చింది. పైకప్పులోంచి వేడి ఎంత తొందరగా లోపలికి దిగుతుందో చెప్పే అంకె, దాన్ని యూ వాల్యూ అంటారు, అది 1.2 దాటకూడదని అందులో ఉంది. ఏ పొరా లేని మన మామూలు ఐదంగుళాల స్లాబ్‌కు అది రెండింతలు దాటే వస్తుంది. ఆ కోడ్ పెద్ద ప్లాట్ల కోసం రాసింది, మీరు కట్టే ఇంటికి వర్తించదు, కానీ లెక్క మాత్రం ఏ ఇంటికైనా ఒకటే. సివిల్ చదివి ఈ లెక్క చేయడం వచ్చినవాళ్లు తక్కువ. అందరూ పిల్లర్ మోస్తుందా, కడ్డీ ఎంత అన్న దగ్గరే ఆగుతారు. మీ బిడ్డకు అవకాశం ఉన్నది అక్కడే.

ఖర్చు లేకుండా చేయగలిగేవి కూడా చాలా ఉన్నాయి. వీలైన చోట పొడుగు గోడలు ఉత్తరం, దక్షిణం వైపు రావాలి. పడమటి గోడకు సాయంత్రం ఎండ నేరుగా కొడుతుంది కాబట్టి అటు కిటికీ చిన్నగా, పైన సజ్జ వెడల్పుగా ఉండాలి. గాలి ఒక వైపు నుంచి వచ్చి ఎదురుగా పోయేటట్టు కిటికీలు పెట్టాలి. స్లాబ్ మీద తెల్లటి కూల్ రూఫ్ పూత వేయాలి. మన రాష్ట్రం 2023లోనే కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. 600 గజాలు, ఆపైన ప్లాట్లలో కట్టే ఇళ్లకు అది తప్పనిసరి చేశారు, డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లను కూడా అందులో చేర్చారు. పాలసీ అయితే ఉంది, ఊళ్లలో దాన్ని తెలిసి చేసేవాళ్లే కావాలి.

ఇక ఇటుకల సంగతి మీకు నేను చెప్పేదేముంది. చెల్పూరు కరెంటు ప్లాంటు మీకు దగ్గరే, అటు రామగుండం. ఆ బూడిదతో చేసిన ఇటుకను బట్టీలో కాల్చే పని లేదు, నీళ్లతో క్యూరింగ్ చేస్తే చాలు. ర్యాట్ ట్రాప్ బాండ్ అని ఒక పద్ధతి ఉంది, ఇటుకను నిలువుగా నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలి కడతారు. ఇటుకలు దాదాపు నాలుగో వంతు మిగులుతాయి, ఆ ఖాళీలో ఉన్న గాలి వేడిని ఆపుతుంది. కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ గారు పేదల ఇళ్లు ఇట్లాగే కట్టి చూపించారు. ఫిల్లర్ స్లాబ్ కూడా ఆయన ప్రచారం చేసిందే. స్లాబ్‌లో కింది సగం కాంక్రీటు బరువు మోయడంలో పెద్దగా పని చేయదు, అక్కడ లాగుడును తట్టుకునేది ఇనుమే, కాబట్టి కడ్డీల మధ్య పెంకులు పెట్టి ఆ మేరకు కాంక్రీటు తగ్గిస్తారు. ఒక్క మాట అన్నా, వీడియో చూసి ఫిల్లర్ స్లాబ్ వేయొద్దు. దానికి ఇంజనీర్ డిజైన్ ఉండాల్సిందే. ఆ ఇంజనీర్ రేపు మీ ఇంట్లోనే ఉండొచ్చు.

మీకు అంత దూరం కాని రామప్ప గుడికి ఎన్నిసార్లు పోయి ఉంటారో. ఆ శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. ఎనిమిది వందల ఏళ్ల కింద మన దగ్గరి పనివాళ్లు, పైన బరువు తగ్గాలంటే ఇటుకలో గాలి ఉండాలని తెలుసుకుని చేశారు. ఇప్పుడు మార్కెట్లో తెల్లగా, తేలిగ్గా దొరుకుతున్న ఏఏసీ బ్లాకుల వెనక ఉన్నదీ ఆ సూత్రమే. మీ బిడ్డను ఈసారి అక్కడికి ఆ కళ్లతో చూడమని తీసుకెళ్లండి.

చదువు సంగతికి వస్తాను. జేఈఈ మెయిన్ రాసి ఉంటే, ర్యాంకు సరిపోతే మన వరంగల్ నిట్‌లో సివిల్ ఇంటి పక్కనే. లేకపోతే ఎప్‌సెట్ ద్వారా వరంగల్ కిట్స్, జగిత్యాల జేఎన్‌టీయూ లాంటివి చూడండి. లెక్కల కన్నా బొమ్మలు గీయడం, ప్లాన్ ఆలోచించడం ఎక్కువ ఇష్టమైతే బీఆర్క్, అంటే ఆర్కిటెక్చర్ డిగ్రీ ఉంది, దానికి నాటా అనే ప్రవేశ పరీక్ష రాయాలి, ఐదేళ్లు పడుతుంది. ఈ రెండింటిలో ఏది తీసుకున్నా మొదటి రెండేళ్లు ఆటోక్యాడ్, ఎస్టిమేషన్, మెటీరియల్స్ గట్టిగా రావాలి. మూడో ఏడు బిల్డింగ్ నమూనా గీసే రెవిట్, ఇంటికి పట్టే వేడి, కరెంటు లెక్క కట్టే ఎనర్జీ ప్లస్ లాంటి సాఫ్ట్‌వేర్‌లు మొదలుపెట్టాలి. ఎనర్జీ ప్లస్ కూడా ఉచితమే. తర్వాత గేట్ రాసి ఎంటెక్ చేయాలనిపిస్తే బిల్డింగ్ సైన్స్, అంటే ఇళ్లలో వేడి, గాలి, వెలుతురు లెక్కల చదువు వైపు వెళ్లొచ్చు. అహ్మదాబాద్ సెప్ట్ యూనివర్సిటీలో అచ్చంగా దీని మీదే ఎంటెక్ ఉంది.

సర్టిఫికెట్ల విషయంలో జాగ్రత్త. నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి, ఇంజనీరింగ్ రెండో ఏడులోనే ఒక ప్రైవేటు సంస్థలో గ్రీన్ బిల్డింగ్ కోర్సని అప్పు చేసి ఫీజు కట్టాడు. చేతికి రంగుల కాగితం వచ్చింది తప్ప, ఒక గోడకు వేడి లెక్క కట్టడం రాలేదు. వాళ్ల నాన్న ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఐజీబీసీ వాళ్ల ఏపీ (అక్రెడిటెడ్ ప్రొఫెషనల్) పరీక్ష ఆఖరి ఏడులో రాస్తే చాలు. కరెంటు వాడకాన్ని తనిఖీ చేసే బీఈఈ ఎనర్జీ ఆడిటర్ పరీక్షకైతే డిగ్రీ తర్వాత పని అనుభవం కూడా అడుగుతారు. ఇప్పుడే వాటి కోసం రూపాయి ఖర్చు పెట్టొద్దు.

ఉద్యోగాల గురించి దాచకుండా చెప్తాను. క్యాంపస్‌లో సీఎస్‌ఈ పిల్లలకు వచ్చే మొదటి జీతం సివిల్ వాళ్లకు సాధారణంగా రాదు. మొదటి మూడు నాలుగేళ్లు తక్కువతోనే గడపాల్సి రావొచ్చు, మీరు దానికి సిద్ధంగా ఉండాలి. అప్పు చేసి డొనేషన్ సీటు మాత్రం కొనొద్దు. కానీ సీఎస్‌ఈ సీట్లు ఎన్నో చూస్తున్నారు కదా, అందులో చేరిన అందరికీ ఉద్యోగాలు రావడం లేదు, ఇష్టం లేకుండా చేరినవాళ్లకు అసలే కష్టం. మీ బిడ్డకు దారులు చాలానే ఉన్నాయి. గ్రీన్ రేటింగ్ కన్సల్టెన్సీలు, పెద్ద బిల్డర్ల దగ్గర ఈ పని చూసే టీములు, ఏఏసీ బ్లాకులు, కూల్ రూఫ్ పెయింట్లు అమ్మే కంపెనీల టెక్నికల్ విభాగాలు, ప్రభుత్వంలో ఏఈ, ఏఈఈ ఇంజనీర్ పోస్టులు. ఇవేవీ కాకపోతే మీ ఒప్పుకోలు పనే ఉంది. మీకు చేతిపని వచ్చు, తనకు లెక్క వస్తుంది.

సైట్ మీద ఆడపిల్ల అన్నారు. మీ భయం నాకు అర్థమవుతోంది. సైట్ మీద ఏం జరుగుతుందో నాకన్నా మీకే తెలుసు. టాయిలెట్ లేకపోవడం, చీకటి పడేదాకా స్లాబ్ పని సాగడం, నిజమైన కష్టాలే. కానీ ఈ పనిలో చాలా భాగం ఆఫీసులో డిజైన్, లెక్కలు. సైట్‌కు పోవాల్సినప్పుడు, మేస్త్రి బిడ్డ కాబట్టి పనివాళ్లతో ఎట్లా మాట్లాడాలో మిగతా ఇంజనీర్ల కన్నా తనకే బాగా తెలిసి ఉంటుంది. ఇన్నేళ్లూ మీ సైట్లలో ఇటుకలు, ఇసుక మోసింది కూడా ఆడవాళ్లే కదా అన్నా.

కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేలోపు రెండు పనులు చేయండి. ఒకటి, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఎన్‌ఐఆర్‌డీ వాళ్ల గ్రామీణ సాంకేతిక పార్కు ఉంది. మట్టి బ్లాకులతో, రకరకాల పద్ధతుల్లో కట్టిన నమూనా ఇళ్లు ఉంటాయి. ముందు ఫోన్ చేసుకుని ఇద్దరూ కలిసి పోండి, మీరు గోడ తట్టి చూడండి, తను ప్రశ్నలు అడుగుతుంది. రెండోది, మీరు ఇప్పుడు కడుతున్న వాటిలో పక్కపక్కన ఒకే తీరుగా ఉన్న రెండు ఇళ్లు చూసుకుని, ఇంటివాళ్లను అడిగి, ఒక స్లాబ్‌కు మాత్రం తెల్లపూత వేయండి. రెండు థర్మామీటర్లు కొని, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి తొమ్మిదింటికి లోపలి వేడి ఎంతుందో మీ బిడ్డను పది రోజులు నోట్‌బుక్‌లో రాయమనండి. పదో రోజు ఆ నోట్‌బుక్ ముందు పెట్టుకుని, తనకు ఇంకా రాయాలని ఉందా, విసుగొచ్చిందా అని అడగండి. ఇంకా రాస్తానంటే సివిల్ మొదటి ఆప్షన్‌గా పెట్టేయండి. ఆ అంకెలు నాకు కూడా పంపండి, తర్వాత ఏ కాలేజీ అన్నది కలిసి చూద్దాం.