పోర్ట్ బ్లెయిర్‌లో ఉండి హైదరాబాద్ ఉద్యోగం చేయొచ్చా?

మీ వారికి పోర్ట్ బ్లెయిర్‌కి బదిలీ అయింది, మీరేమో హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తారు, అక్కడి నెట్‌ని నమ్ముకోవచ్చా అని కదండీ అడిగారు. నమ్ముకోవచ్చు. కాకపోతే ఊళ్లో నెట్ బాగుందని ఎవరో చెప్పారని ఇల్లు తీసుకోకండి. మీరు దిగే ఇంటి దాకా ఫైబర్ వచ్చిందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

మేం చాలా ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాం. 2020కి ముందు ఈ దీవులకు నెట్ ఉపగ్రహం మీదుగా వచ్చేది. అది దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మనం పంపింది పైకెళ్లి కిందికి దిగాలి, జవాబూ అదే దారిన రావాలి. దానికే అర సెకను పట్టేది. ఆ ఆలస్యాన్ని ఎలాగో ఓర్చుకోవచ్చు. ఉన్న కాస్త బ్యాండ్‌విడ్త్‌నే (ఒకేసారి ఎంత డేటా వెళ్లగలదో ఆ సామర్థ్యాన్ని) దీవులన్నీ పంచుకోవడంతోనే అసలు బాధ. పిల్లల అడ్మిషన్ ఫారాలు నింపడానికి తెల్లవారుజామున లేచేవాళ్లం, ఆ వేళకి నెట్ మీద జనం తక్కువని. ఫొటో సగం ఎక్కి ఆగిపోయేది, ఈలోగా టైమ్ అయిపోయిందని పేజీ మూసుకుపోయేది, మళ్లీ పేరు దగ్గర్నుంచి మొదలు. ఆఖరి తేదీ దగ్గరపడితే ఇంటిల్లిపాదికీ టెన్షనే.

చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టు 10న మొదలైంది. పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు, ఖర్చు దాదాపు 1,224 కోట్లు. టెలికాం కంపెనీల ఆదాయంలో కొంత భాగం జమయ్యే సార్వత్రిక సేవా నిధి నుంచి ఆ డబ్బు ఇచ్చారు, బీఎస్ఎన్ఎల్ పని చేయించింది. 2011 లెక్కల ప్రకారం ఇక్కడి జనాభా నాలుగు లక్షలు కూడా లేదు. లాభం చూసుకునే కంపెనీ ఏదీ ఇంత మంది కోసం అంత దూరం కేబుల్ వేయదు. ఆ నిధి ఇలాంటి చోటికే రావాలని నేను గట్టిగా నమ్ముతాను. లక్షద్వీప్‌కీ కొచ్చి నుంచి ఇలాగే వేశారు, 2024 జనవరిలో మొదలైంది.

ఇప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో (పేరు శ్రీ విజయపురం అని మార్చారు గానీ, మాకింకా పాత పేరే నోట్లో ఉంది) ఫైబర్ ఉన్న ఇంట్లో వీడియో మీటింగులు హాయిగా నడుస్తాయి. శ్రీకాకుళంలో ఉన్న మా అమ్మ రోజూ సాయంత్రం మనవడితో వీడియోలో లెక్కలు చెప్పించుకుంటుంది.

మీ వారి పోస్టింగ్ ఊరు దాటి ఉంటే మాత్రం ముందే కనుక్కోండి. పోర్ట్ బ్లెయిర్ కాక కేబుల్ దిగినవి హేవ్‌లాక్, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్తా, గ్రేట్ నికోబార్. నీల్ దీవి ఈ జాబితాలో లేదు. జాబితాలో ఉన్న దీవి అయినా, కేబుల్ ఒడ్డుకు చేరినంత మాత్రాన లోపలి ఊళ్లన్నిటికీ వైరు చేరినట్టు కాదు.

అడ్వాన్స్ ఇచ్చేముందు పక్కింటివాళ్ల వైఫైలో రాత్రి ఎనిమిది ప్రాంతంలో స్పీడ్ చూడండి, పగలు చూస్తే అసలు సంగతి తెలియదు. కరెంటు పోతుంటుంది, ఇంట్లోని రూటర్‌కీ ఫైబర్ డబ్బాకీ కలిపి చిన్న ఇన్వర్టర్ పెట్టుకోండి. మా వీధిలో రోడ్డు తవ్వినప్పుడు వైరు తెగి, బాగుచేయడానికి మనిషి రావడానికే రోజులు పట్టింది. అందుకే ఫైబర్ ఒక కంపెనీది, ఫోన్ సిమ్ ఇంకో కంపెనీది తీసుకోండి. సముద్రంలో కేబుల్‌కే దెబ్బ తగిలితే బాగుచేసే ఓడ రావాలి, అప్పుడు ఏ సిమ్మూ పెద్దగా ఆదుకోదు. మీరు ఇక్కడికి వచ్చేముందే ఈ ముక్క మీ మేనేజర్‌కి చెప్పి ఉంచండి.