స్కోర్లన్నీ తక్కువగా వచ్చాయంటే...

ఖైదీలకు, నేరపూరిత ఆలోచనా శైలులను కొలిచే పిక్ట్స్ (PICTS) ప్రశ్నావళి ఇస్తే దాదాపు అందరికీ తక్కువ స్కోర్లే వచ్చాయని, వారిలో నేరపూరిత ఆలోచనాధోరణి లేదని రాయవచ్చా అని అడిగారు. దయచేసి అప్పుడే రాయకండి. మనస్తత్వవేత్త గ్లెన్ వాల్టర్స్ రూపొందించిన ఆ ప్రశ్నావళిలోని 80 వాక్యాలలో 64 మాత్రమే ఎనిమిది ఆలోచనా శైలులను కొలుస్తాయి. మిగిలినవి జవాబులను ఎంతవరకు నమ్మవచ్చో పరీక్షించేవి: గందరగోళంగా గుర్తులు పెట్టారా, తమను మంచివారిగా చూపుకున్నారా అని. ఈ రెండోది ముందు చూడండి. జైలు సిబ్బంది ఎదుట, పెరోల్ మీద ఆశతో నింపిన కాగితం ఎంత నిజం చెబుతుంది? జవాబులు అధికారులకు చేరవని చెప్పి, ఆ మాట నిలబెట్టుకోగలిగితేనే, ఏకాంతంగా మళ్లీ నింపించండి. మొత్తం స్కోరుతో ఆగకండి; ఏ శైలిలో ఎంత వచ్చిందో విడిగా చూడండి. సమాజమే తనను చెడగొట్టిందనుకునే మనిషికీ, కోపంలో ముందువెనుకలు చూడని మనిషికీ కావలసిన సాయం వేరు.