బంగారం రంగు రాయిని చేత్తో కాదు, నీళ్ళలో తూచండి

వంకలో దొరికిన రాయి కోడిగుడ్డంత ఉందనీ, బంగారంలా మెరుస్తోందనీ, తూస్తే 260 గ్రాములు వచ్చిందనీ రాశారు. అది అసలు బంగారమేనా అని అడిగారు. జవాబు చాలావరకు మీ ప్రశ్నలోనే ఉంది. కోడిగుడ్డంత పలుగురాయి 150 గ్రాములకు అటూ ఇటూగా తూగుతుంది. అంతే బంగారం ముద్ద అయితే కిలో దాటుతుంది. మీ రాయి మామూలు రాళ్ళకంటే బరువైనదే, కానీ బంగారానికి ఆమడ దూరంలో ఉంది. ఈ చిన్న లెక్క నాకు తట్టడానికి పదకొండు రోజులు, మూడు వేల రూపాయలు పట్టాయి. అప్పటికే నేను బడిలో ఏటా పిల్లలకు ఆర్కిమెడీస్ సూత్రం చెప్పే మాస్టారిని. ఇది రాయడానికి ఇప్పటికీ కొంచెం సిగ్గుగానే ఉంది.

మా మామయ్య ఊరు ధర్మవరానికీ రామగిరికీ మధ్యలో ఉంటుంది. రామగిరిలో ఒకప్పుడు బంగారు గనులు నడిచాయి కాబట్టి ఆ చుట్టుపక్కల ఏ రాయి మెరిసినా మనిషి ఆగి చూస్తాడు. 2009 ఎండాకాలంలో మామయ్య పాత బావిని లోతు చేయించాడు. తూటాలు పేల్చిన మరునాడు పైకి తోడి పోసిన రాళ్ళలో ఒకటి ఎండకు ధగధగలాడింది. పిడికిలంత రాయి. ఎత్తితే చెయ్యి కిందికి లాగింది. మామయ్య దాన్ని దిండు గలేబులో చుట్టి బియ్యం డబ్బాలో దాచాడు. ఆ రాత్రి అన్నాలయ్యాక అత్తయ్య గొంతు తగ్గించి, "బావి అప్పు తీరితే చాలు, మిగతాది దేవుడికి" అంది. మిగతాది ఎంతో అప్పటికే మామయ్య మనసులో లెక్క వేసుకున్నాడని నాకు అనుమానం.

మా వైపు రాళ్ళ బేరగాళ్ళకు కొదవ లేదు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు పొలాల్లో జనం వజ్రాలు వెతుకుతారు, వాళ్ళ వెనకే కొనేవాళ్ళూ తిరుగుతారు. అలాంటి ఒకాయన పట్నంలో పరీక్ష చేయిస్తానని మూడు వేలూ, రాతిలోంచి ఒక ముక్కా పట్టుకుపోయాడు. "రంగు చూస్తే పాళ్ళు బాగానే ఉన్నట్టుంది" అని వెళ్ళేముందు ఒక మాట కూడా వదిలాడు. తర్వాత ఫోను ఎత్తలేదు.

చివరికి మాకు నగలు చేసే పెద్దాచారి దగ్గరికి వెళ్ళాం. ఆయన రాయిని తిప్పి చూసి, ఏమీ అనకుండా గీటురాయి తీశాడు. మా రాయితో దాని మీద గట్టిగా ఒక గీటు గీసి, గీటురాయిని మా వైపు తిప్పాడు. పచ్చగా పడాల్సిన చోట ఆకుపచ్చ కలిసిన నల్లటి చార. "బంగారాన్ని పొడి చేసినా బంగారం రంగే ఉంటుంది నాయనా. దీనికి పైరంగు ఒకటి, లోరంగు ఒకటి" అన్నాడు. ఆకురాయితో అంచును నాలుగుసార్లు రాకి మా ముక్కు దగ్గర పెట్టాడు. దీపావళి మరునాటి వీధి వాసన. గంధకం.

అది పైరైటు. ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. ఇంటికి వచ్చాక తీరిగ్గా చూస్తే ఆనవాళ్ళన్నీ మొదటినుంచీ మా కళ్ళెదుటే ఉన్నాయి. రాతిలో ఆ మెరుపు పాచికల్లాంటి పలకలుగా ఉంది, పలకల మీద దువ్వెనతో దువ్వినట్టు సన్నని గీతలున్నాయి. బంగారం ఇంత లెక్కగా, పలకలుగా పెరగడం చాలా అరుదు. ఎక్కువగా రేకులా, తీగలా, కరిగి గడ్డకట్టిన చుక్కలా ఉంటుంది. ఇంకొకటి, మా రాయి ఎండలో తిప్పినప్పుడే మెరిసి, నీడలోకి తెస్తే ఇత్తడి ముఖం పెట్టేది. బంగారం నీడలోనూ పచ్చగానే ఉంటుంది.

ఆ రాత్రే, ఆలస్యంగానైనా, నీళ్ళలో తూచాను. వంటింటి ఎలక్ట్రానిక్ కాటా ఉంటే మీరూ చేయవచ్చు. ముందు పొడి రాయిని తూచి అంకె రాసుకోండి. తర్వాత వెడల్పు గిన్నెలో నీళ్ళు పోసి కాటా మీద పెట్టి, అంకెను సున్నా చేయండి. రాయికి దారం కట్టి, పూర్తిగా మునిగేలా, గిన్నె అడుగుకు గానీ అంచులకు గానీ తగలకుండా చేత్తో వేలాడదీయండి. అప్పుడు కాటా చూపించే గ్రాములే రాయి పరిమాణం, ఘన సెంటీమీటర్లలో. మొదటి అంకెను దీనితో భాగించండి. వచ్చేదే సాంద్రత, అంటే ఘన సెంటీమీటరుకు ఎన్ని గ్రాములో. మా రాయి 412 గ్రాములు, నీళ్ళలో కాటా చూపింది 84. భాగిస్తే 4.9. పైరైటు సాంద్రత సుమారు 5. మేలిమి బంగారానిది 19.3. మా రాయి నిండా బంగారమే అయితే 1,600 గ్రాములు దాటి తూగాలి. ఆర్కిమెడీస్ బంగారు కిరీటం కథను పదేళ్ళు పాఠంగా చెప్పినవాణ్ణి, మామయ్య బియ్యం డబ్బా దగ్గర మాత్రం మర్చిపోయాను.

మీకు 4.2 దగ్గర వస్తే అది చాల్కోపైరైటు కావచ్చు, అంటే రాగి, ఇనుము, గంధకం. ఆయుర్వేదంలో స్వర్ణమాక్షికం అనేది దీన్నే; పేరులో తప్ప అందులో స్వర్ణం లేదు. 3కు అటూ ఇటూగా వచ్చి, గోటితో గీరితే పొరలుగా లేస్తే అది కాకిబంగారం, అంటే అభ్రకం. బరువును మాత్రమే నమ్మకండి, కడప వైపు మంగంపేటలో తవ్వే ముగ్గురాయి (బెరైటీస్) కూడా చేతికి ఇనుములా తగులుతుంది, దాని సాంద్రత 4.5. అందులో లోహపు మెరుపే లేదు.

గీటురాయి లేకపోతే ఊరగాయ జాడీని బోర్లించండి. అడుగున పూత లేని గరుకు అంచు ఉంటుంది, దాని మీద రాయిని గట్టిగా గీయండి. పచ్చటి గీత పడితే అప్పుడు ఆశపడవచ్చు. నల్లగా పడితే ఆశ వదులుకోండి. తర్వాత మెరిసే చోట సూదితో నొక్కండి. బంగారం మెత్తన, సొట్ట పడుతుంది. పైరైటు కత్తికి కూడా లొంగదు, సుత్తితో కొడితే పగిలి పొడి అవుతుంది. చాల్కోపైరైటు కత్తికి గీత పడుతుంది కానీ ఆ గీతలో పొడి రాలుతుంది. బంగారం పొడి రాలదు.

ఇంట్లో నైట్రిక్ ఆమ్లం పోసి చూడమని ఎవరైనా చెబితే వినకండి. పొయ్యి మీద కాల్చడం కూడా వద్దు, గంధకపు పొగ ఊపిరితిత్తులకు చేటు. నగల దుకాణాల్లో క్యారెట్లు చూపే యంత్రం ఉంటుంది కానీ అది ఆభరణాల కోసం అమర్చినది, పైపొరనే చదువుతుంది. ముడి రాయి విషయంలో ఆ అంకెను పట్టుకుని కలలు కనకండి.

ఒక మెలిక ఉంది. సాంద్రత తక్కువ వచ్చినంత మాత్రాన రాతిలో బంగారం అణువంతైనా లేదని తేలినట్టు కాదు. కర్ణాటకలోని కోలారు బంగారు గనుల్లో 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి తవ్విన రాయి కూడా చూడటానికి చాలావరకు మామూలు పలుగురాయే. టన్నుకు కొన్ని గ్రాముల లెక్కన బంగారం తీసేవారు. ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. పైరైటులో కూడా కంటికి కనబడని బంగారం ఉండవచ్చు. అది తేలాలంటే రాయిని పొడి చేసి, సీసంతో కలిపి కొలిమిలో కరిగించే పరీక్ష చేయాలి. మీ 260 గ్రాముల రాతికి ఆ ఖర్చు దండగ. అలాంటి రాళ్ళు పొలంలో బారుగా, పలుగురాతి చారతో పాటు కనిపిస్తుంటే మాత్రం దగ్గరలోని విశ్వవిద్యాలయ భూగర్భ శాస్త్ర విభాగానికి రెండు ముక్కలు చూపించండి. ముక్క చాలు, మొత్తం రాయి ఎవరి చేతికీ ఇవ్వకండి.

మా రాయి ఇప్పుడు బడి ప్రయోగశాలలో ఉంది. మామయ్యే తెచ్చి ఇచ్చాడు, బియ్యానికి గంధకం వాసన పడుతోందని అత్తయ్య గొడవ పెట్టిందట. వానాకాలంలో దాని కింద పరిచిన కాగితం మీద తుప్పు మరక పడుతుంది. పదో తరగతి వాళ్ళు ఏటా దాన్ని నీళ్ళలో తూస్తారు, 4.8 నుంచి 5 లోపు ఏదో ఒకటి వస్తుంది.